ఆ రాయి ఏ జిల్లాలో ఉంది?

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర గంటల మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ చోటు ఎక్కడో వాతావరణ శాఖ రెండు అంకెల్లో చెప్పింది: ఉత్తర అక్షాంశం 18.8, తూర్పు రేఖాంశం 84.5. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165. తెల్లారి చూస్తే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో కొబ్బరి చెట్లు నడుముకి విరిగి ఉన్నాయి. జీడి చెట్లు వేళ్లతో సహా పెకలించుకుని పక్కకు ఒరిగాయి. కరెంటు స్తంభాలు నేలకూలాయి, ఫోన్లు మూగబోయాయి.

నష్టం రాయడానికి మనుషులు వచ్చినప్పుడు మొదట అడిగేది పేరు కాదు, సర్వే నంబరు. ఆ నంబరులో ఎన్ని చెట్లు, ఎంత విస్తీర్ణం అన్నది తర్వాతి మాట. ఈ మండలాలున్న ఉద్దానంలో తోటకీ తోటకీ మధ్య చాలాచోట్ల గోడ ఉండదు, కంచె కూడా అంతంతమాత్రమే. ‘మా మేర ఆ పనస చెట్టు దాకా’ అనే మాట మీద తరాలు గడిచిపోయాయి. ఆ పనస చెట్టే పడిపోతే మేర ఎక్కడ? గ్రామ పటం, పొలం కొలతల పుస్తకం (ఎఫ్‌ఎంబీ) అప్పటికే ‘మీభూమి’ వెబ్‌సైటులోకి ఎక్కి ఉన్నాయి. 2015 నుంచీ అందులో అడంగలు, వన్-బీ చూసుకోవడం రైతులకు అలవాటైంది. కానీ కరెంటూ సిగ్నలూ లేని ఊళ్లో వెబ్‌సైటు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మిగిలినవి మూడు: నేలలో పాతిన రాయి, ఎక్కడో బీరువాలో ఉన్న కాగితం, ‘ఇక్కడే ఉండాలి బాబూ’ అని చెప్పగలిగే ముసలాయన.

ఈ మూడూ ఈ తీరానికి ఎప్పుడొచ్చాయో, ఎన్నిసార్లు చెదిరాయో వెనక్కి వెళ్లి చూస్తే రెండు శతాబ్దాల కథ బయటపడుతుంది.

పలాస, కాశీబుగ్గ వీధుల్లో జీడిపిక్కల లెక్క 80 కిలోల బస్తాతో నడుస్తుంది. ఆ తూకాన్ని రైతూ వ్యాపారీ ఇద్దరూ నమ్మాలంటే కాటా మీద తూనికల శాఖ వాళ్ల ముద్ర ఉండాలి. ఆ ముద్ర వెనక, ఎక్కడో భద్రంగా దాచిన అసలు తూకపు గుండు ఉంటుంది. భూమి కొలతలోనూ అంతే. ఎవరి పొలమైనా దేన్నుంచో ఒకదాన్నుంచి కొలవాలి. ఆ ‘దేన్నుంచో’ అన్నది కదలకూడదు, దాని స్థానం ముందే తేలి ఉండాలి, పది మందీ ఒప్పుకున్నదై ఉండాలి. సర్వే వాళ్లు దాన్ని కంట్రోల్ పాయింట్ అంటారు. ఊళ్లో వాళ్లకి అది సర్వే రాయి. ఎత్తు చెప్పే రాయి అయితే బెంచ్‌మార్కు.

ఇలాంటి రాళ్లలో రెండు వంశాలున్నాయి. ఒకటి దేశమంతటినీ ఒకే లెక్కలో బిగించిన పెద్ద రాళ్ల వంశం. రెండోది ఊరి హద్దులూ పొలం గట్లూ చెప్పే చిన్న రాళ్ల వంశం. విచిత్రమేమిటంటే నూరేళ్లకు పైగా ఈ రెండు వంశాల మధ్య చుట్టరికమే కలవలేదు.

పెద్ద వంశం కథ 1802 ఏప్రిల్ 10న మద్రాసులో మొదలైంది. సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఏడున్నర మైళ్ల సరళరేఖను గొలుసుతో కొలిపించాడు. దానికి 57 రోజులు పట్టింది. ఒక గీత పొడవు కచ్చితంగా తెలిస్తే, దాని రెండు కొసల నుంచి దూరంగా కనిపించే కొండకు కోణాలు చూసి, మిగతా దూరాలన్నీ లెక్కకట్టొచ్చు. త్రిభుజం మీద త్రిభుజం అల్లుకుంటూ పోవడమే. తర్వాత దీన్నే గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే అన్నారు. లాంబ్టన్ 1823లో పనిమీద ఉండగానే హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. జార్జి ఎవరెస్టు దాన్ని హిమాలయాల దాకా నడిపించాడు.

మన తీరం వంతు కాస్త ఆలస్యంగా వచ్చింది. కలకత్తా నుంచి మద్రాసు వైపు సముద్రం పక్కనే దిగివచ్చే త్రిభుజాల వరస 1840లలో మొదలై 1860ల తొలినాళ్ల దాకా సాగింది. ఒరిస్సా దాటి గంజాం మీదుగా విశాఖపట్నం దిశగా వచ్చిన ఆ దారిలో అడవి, జ్వరాలు, వానాకాలం ప్రతి ఏడూ పనిని ఆపేవి. పగలు అద్దాలతో ఎండను మెరిపించి, రాత్రి దీపాలు వెలిగించి ఒక కొండ మీది మనిషి ఇంకో కొండ మీది మనిషికి ‘ఇక్కడున్నా’నని చెప్పేవాడు. మంచు పడితే, పొగ కమ్మితే రోజుల తరబడి కాచుకోవడమే. ఆ వరస మధ్యలో తప్పు పేరుకుపోయిందా లేదా అని సరిచూడడానికి 1862-63 చలికాలంలో విశాఖపట్నం బేస్‌లైన్ కొలిచారు. ఆ పని చేయించినవాడు కెప్టెన్ బాసెవి. కొలిచింది గొలుసుతో కాదు. ఇనుము, ఇత్తడి కడ్డీలను జతచేసి, ఎండకు ఒకటి సాగినా రెండోది దాన్ని సర్దేలా కట్టిన పదడుగుల బద్దలతో. దేశం మొత్తం మీద ఆ బద్దలతో కొలిచిన గీతలు పదే. అందులో ఒకటి ఉత్తరాంధ్ర వాటా. ఆ బాసెవి 1871లో లడాఖ్ ఎత్తుల్లో గురుత్వాకర్షణ కొలుస్తూ ప్రాణం విడిచాడు.

మందస ఊళ్లో నిలబడి వాయవ్య దిక్కు చూస్తే మహేంద్రగిరి కనిపిస్తుంది. ఇప్పుడది ఒడిశాలోని గజపతి జిల్లాది. పాత గెజిటీర్లు దాని ఎత్తు 4,923 అడుగులన్నాయి. నేటి లెక్కలో 1,501 మీటర్లు. అంటే రెండు లెక్కలకీ మధ్య తేడా మనిషి మోకాలి దాకా కూడా రాదు. ఉపగ్రహాలు లేని రోజుల్లో కోణాలు చూసి కట్టిన లెక్క అది.

అప్పుడు ఒక స్టేషన్ ఎలా కట్టేవారో తెలిస్తే, దాన్ని మళ్లీ ఎలా వెతకాలో కూడా తెలుస్తుంది. కొండ నెత్తిన బండ మీద చిన్న వలయం చెక్కి, దాని నడుమ చుక్క పెట్టేవారు. కొలత ఆ చుక్కకే. రాయి లేని చోట గుర్తు చెక్కిన రాతిని లోతుగా పాతి, దానికి సరిగ్గా నిట్టనిలువుగా పైన ఇంకో గుర్తు రాయి పెట్టేవారు. పై రాయిని ఎవరైనా పీకేసినా కింది రాయి సాక్ష్యం చెబుతుంది. ఆ తర్వాత చేసే పనే అన్నిటికన్నా ముఖ్యం: దాని ఆనవాళ్లను మాటల్లో రాయడం. ఏ ఊరి పొలంలో ఉంది, ఊరి గుడికి ఏ దిక్కున ఎంత దూరం, కొండెక్కే దారి ఎటు నుంచి, చుట్టుపక్కల ఏయే గ్రామాలు ఎన్ని మైళ్లు, ఏ తాలూకా, ఏ జిల్లా. అక్షాంశ రేఖాంశాల పక్కన ఈ వర్ణన కూడా అచ్చువేసి, షీటుకో పుస్తకంగా డెహ్రాడూన్ నుంచి పంపేవారు. ఆ రాళ్లను కాపాడే భారం జిల్లా అధికారుల మీద పెట్టారు. గుళ్ల శిఖరాలు, జెండా స్తంభాలు, దీపస్తంభాల్లాంటి దూరానికి కనిపించేవాటికి కూడా కోణాలు చూసి స్థానాలు కట్టారు.

ఎత్తుల కథ వేరే. ఎత్తును సముద్రం నుంచి కొలవాలి, సముద్రమేమో గంట గంటకీ లేస్తుంది, దిగుతుంది. అందుకని తీరం వెంట ఏళ్ల తరబడి ఆటుపోట్లు నమోదు చేసి సగటు తీశారు. 1909లో దేశమంతటి ఎత్తుల లెక్కను తొమ్మిది రేవుల సగటు మట్టానికి బిగించారు. ఆ తొమ్మిదిలో విశాఖపట్నం ఒకటి. అక్కడి నుంచి దారుల వెంట, రైలు పట్టాల వెంట మట్టం చూసుకుంటూ పోయి, వంతెనల గోడల మీదా గుళ్ల అరుగుల మీదా బంగళాల మెట్ల మీదా ‘జీటీఎస్ బీఎం’ అన్న అక్షరాలు చెక్కించారు.

రైలు ఎక్కేవాళ్లంతా రోజూ చూసే ఎత్తు మాట ఒకటుంది. వాల్తేరు, కటక్ మధ్య పట్టాలు 1890లలో పడ్డాయి. ఆ దారిలోని నౌపడ, పలాస, సోంపేట లాంటి స్టేషన్లలో ప్లాట్‌ఫారం కొసన పసుపు పలక ఉంటుంది. దాని మీద ఊరి పేరు, దాని అడుగున చిన్న అక్షరాల్లో సముద్ర మట్టానికి ఇన్ని మీటర్లని ఓ అంకె. ప్రయాణికులు దాని ముందు సెల్ఫీలు దిగుతారు గానీ అంకె చదివేవాళ్లు తక్కువ. ఆ అంకె రైల్వే ఇంజినీర్లు పట్టా వాలును లెక్కకట్టడానికి వాడుకున్న మట్టాల నుంచి వచ్చింది. సెంటీమీటరు పనికి దాన్ని నమ్మలేం. కానీ కరెంటు పోయినా, సర్వర్ పడిపోయినా ఆ పలక మాత్రం చెరిగిపోదు.

పెద్ద వంశం ఇలా కొండల మీద కాపురం పెడితే, కింద ఊళ్లలో పరిస్థితి తలకిందులు. టెక్కలి, మందస లాంటి చోట్ల జమీందారీలు. 1802 నాటి శాశ్వత సెటిల్‌మెంటు ప్రకారం జమీందారు కుంపిణీకి పేష్కషు కట్టాలి. రైతు దగ్గర ఎంత భూమి ఉంది, ఎక్కడ ఉంది అన్నది సర్కారు పట్టించుకోనక్కర్లేదు. రైత్వారీ ఊళ్లలో పందొమ్మిదో శతాబ్దంలోనే పొలం పొలానికీ సర్వే నంబరు పడింది. జమీందారీ ఊళ్లలో చాలాచోట్ల భూమిని ‘ఇన్ని కుంచాల విత్తనం పట్టే మడి’ అనే చెప్పుకున్నారు. కొండ మీద దేశానికంతటికీ లెక్క చెప్పే చుక్క ఉంది, ఆ కొండ కింద పొలానికి గట్టే కొలత. 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం సర్వేకి దారి చూపింది. 1923లో సర్వే, హద్దుల చట్టం వచ్చింది. తన పొలం రాళ్లను పదిలంగా ఉంచడం పట్టాదారు బాధ్యతేనని చెప్పిన చట్టం అది. ఆ చట్టం ఈనాటికీ నడుస్తోంది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు సర్కారు చేతికొచ్చాక, 1950లలో సర్వే గొలుసులు ఈ ఊళ్లలో తిరిగాయి.

ఆ గొలుసు పొడవు 66 అడుగులు. అందులో 100 లింకులు. ఒక్కో లింకు జానెడు కన్నా కాస్త తక్కువ, సుమారు 20 సెంటీమీటర్లు. పది చదరపు గొలుసులైతే ఎకరం, వెయ్యి చదరపు లింకులైతే సెంటు. ఈ లెక్క ఎంత తేలికంటే, గొలుసు కనుమరుగైనా సెంటు మన నోటి నుంచి పోలేదు. ఇప్పటికీ పాత ఎఫ్‌ఎంబీ కాగితం తీస్తే అందులో కనబడేవి మీటర్లు కావు, లింకులే. మధ్యలో ఓ పొడుగాటి గీత. దాని రెండు కొసలా రెండు రాళ్లు. ఆ గీత మీద 120, 250 అంటూ అంకెలు. ఒక్కో అంకె దగ్గర కుడికో ఎడమకో అడ్డగీత, దాని కొసన గట్టు మలుపు. చైన్‌మ్యాన్ గొలుసు పట్టుకుని గీత వెంట నడుస్తుంటే, సర్వేయరు 250 లింకుల దగ్గర ఆగి, క్రాస్ స్టాఫ్‌తో లంబంగా చూపు సారించి, 45 లింకుల దూరంలో పనస చెట్టు పక్కన గట్టు తిరిగిందని రాసుకున్నాడన్నమాట. 250 లింకులంటే 50 మీటర్ల పైచిలుకు. 45 అంటే తొమ్మిది మీటర్లు. ఆ రెండు కొసల రాళ్లూ దొరికితే ఈ కాగితం బతికున్నట్టే. రాళ్లు పోతే అది ఉత్త బొమ్మ.

ఎందుకంటే దానిలో అక్షాంశం లేదు, రేఖాంశం లేదు. ఆ పొలం భూగోళం మీద ఎక్కడుందో ఆ కాగితానికి తెలియదు. పక్క పొలం తెలుసు, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట పాతిన ట్రైజంక్షన్ రాయి తెలుసు. అంతే. మహేంద్రగిరి నెత్తిన ఉండేలాంటి చుక్కకీ, కింద పొలంలోని రాయికీ పరిచయం లేదన్నది ఇందుకే.

ఈ చిన్న వంశానికి కాపలాదారు కరణం. ఏ రాయి ఎవరి దున్నకానికి కదిలింది, ఎవరు రాత్రికి రాత్రి జరిపారు, ఏటి గట్టు కోసుకుపోయి ఏ నంబరు సగమైంది అన్న సంగతులు ఆయన చిట్టాలో సగం, నోట్లో సగం ఉండేవి. దానివల్ల మేలూ జరిగింది, అన్యాయమూ జరిగింది. రాతకోతలు తెలియని రైతు కరణం దయమీద బతకాల్సి వచ్చేది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థను ఒక్క వేటున రద్దు చేసింది. మరుసటి ఏడాది మండలాలు పుట్టాయి. ఇళ్లలో, ట్రంకుపెట్టెల్లో ఉన్న దస్త్రాలు మండల కార్యాలయాల బీరువాల్లోకి మారాల్సి వచ్చింది. కాగితం ఇల్లు మారింది గానీ, నోట్లో ఉన్న సగం ఏ బీరువాలోకీ వెళ్లలేదు.

ఈ తీరంలో రాయి కన్నా ఎక్కువగా కదిలింది దాని చిరునామా. పలాస, టెక్కలి, మందస, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలన్నీ ఒకప్పుడు గంజాం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం అటు వెళ్లింది, తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న దక్షిణ భాగం ఇటు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న విశాఖ జిల్లా నుంచి శ్రీకాకుళం విడివడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్‌లో పలాస కొత్త రెవెన్యూ డివిజన్ అయింది. రాయి పాతిన చోటే ఉంది. అది మాత్రం గంజాం రాయి, విశాఖ రాయి, శ్రీకాకుళం రాయి అని మూడు పేర్లు మార్చుకుంది.

ఇది వినోదానికి చెప్పే మాట కాదు. పందొమ్మిదో శతాబ్దంలో తీరం వెంట పాతిన ఒక స్టేషన్ ఆనవాళ్లు కావాలని ఇవాళ ఎవరైనా శ్రీకాకుళం పేరు కింద వెతికితే అది దొరకదు. ఆ వర్ణన గంజాం పేరు కింద ఉంటుంది. ఊళ్ల చరిత్రకీ అదే దారి. 1882లో అచ్చయిన మాల్ట్‌బీ గంజాం డిస్ట్రిక్ట్ మాన్యువల్ తిరగేయకుండా టెక్కలి గతం రాయలేం. పాత పుస్తకాల్లో శ్రీకాకుళం చికాకోల్ అయి కూర్చుంటుంది, విశాఖపట్నం వైజాగపటం అవుతుంది. ఊరి పేరును దొరలు ఏ స్పెల్లింగులో రాసుంటారో నాలుగైదు రకాలుగా ఊహించడం ఈ వెతుకులాటలో సగం విద్య. మిగతా సగం షీటు నంబరు తెలుసుకోవడం. సర్వే ఆఫ్ ఇండియా దేశాన్ని నాలుగు డిగ్రీల గడులుగా కోసింది. అందులో 84వ రేఖాంశానికి తూర్పున ఉన్న మన తీరం 74వ గడిలో పడుతుంది. పలాస, మందసలది దానిలో ‘బి’ గడి. శ్రీకాకుళం పట్నం మాత్రం 65లో ఉంటుంది. రాజ్యాలు మారినా, జిల్లాలు మారినా పాత పటాల మీద ఈ అంకె మారలేదు. అందుకే ఆరితేరిన సర్వేయరు ఊరి పేరు కన్నా ముందు గడి నంబరు అడుగుతాడు.

గడి తెలిసినా పటం చేతికొస్తుందన్న భరోసా చాలాకాలం లేదు. రక్షణ కారణాలతో సరిహద్దుల వెంట, సముద్ర తీరం వెంట సుమారు 80 కిలోమీటర్ల మేర వివరమైన పటాలను 1960ల నుంచి మామూలు జనానికి అమ్మకుండా ఆపారు. ఉద్దానం మొత్తం ఆ పట్టీలోనే. తన ఊరి పటం చూడాలనుకున్న కాలేజీ లెక్చరరుకి ‘రిస్ట్రిక్టెడ్’ అన్న ముద్ర ఎదురొచ్చేది. ఇందులో ఒక తమాషా ఉంది. 1950లలో అమెరికా సైన్యపు పటాల విభాగం మన దేశం మొత్తానికీ ఒక అంగుళం సుమారు నాలుగు మైళ్ల లెక్కన పటాలు వేసుకుంది. యు502 వరస అంటారు వాటిని. తర్వాతి రోజుల్లో టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వాటిని ఇంటర్నెట్‌లో పెట్టేసింది. సోంపేటలో కూర్చున్నవాడికి సోంపేట పటం డెహ్రాడూన్ నుంచి దొరక్కపోయినా టెక్సాస్ నుంచి దొరికేది. 2005లో కొత్త పటాల విధానం వచ్చి, జనానికి ఒక వరస, సైన్యానికి ఒక వరస అని రెండుగా విడదీశారు. 2021 ఫిబ్రవరి 15న వచ్చిన మార్గదర్శకాలతో చాలా కట్టుబాట్లు సడలిపోయాయి.

సర్కారు సమాచారం తలుపులు మూసుకోవడం మనకొక్కళ్లకే వచ్చిన కష్టం కాదు. 2013 అక్టోబరు 1న బడ్జెట్ గొడవతో అమెరికా ప్రభుత్వం మూతపడింది. ఆ దేశపు సముద్ర, వాతావరణ సంస్థ తన వెబ్‌సైట్లలో చాలావాటి మీద ‘అందుబాటులో లేదు’ అన్న బోర్డు వేలాడదీసింది. అక్కడి బెంచ్‌మార్కుల వివరాలు చూసుకునే జియోడెటిక్ సర్వే కూడా ఆ సంస్థలోదే. 1807లో జెఫర్సన్ కాలంలో తీరం సర్వేగా పుట్టిన కార్యాలయం అది. తుపాను హెచ్చరికలు ఇచ్చే విభాగాన్ని మాత్రం నడిపించారు. సరిగ్గా ఆ మూత పడిన రోజుల్లోనే, అక్టోబరు 12 రాత్రి, ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరాన్ని తాకింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు అప్పుడూ కూలాయి. రెండు దేశాల్లో రెండు కారణాలకు ఒకే వారంలో రాయి చిరునామా తెలియకుండా పోయింది. ఒకచోట డబ్బు మంజూరు కాక, మరోచోట గాలి వీచి.

ఆ దేశంలో అప్పటికే బెంచ్‌మార్కులు వెతకడం కొందరికి సరదా. సెలవు రోజుల్లో పాత వంతెనల కిందికీ కోర్టు మెట్ల పక్కకీ వెళ్లి ఇత్తడి పలకలు వెతికి ఫొటోలు తీసి, జాబితాల నకళ్లు దాచుకునేవారు. సర్కారు తలుపు మూసినప్పుడు అలాంటి నకళ్లే అక్కరకొస్తాయి. మన దగ్గర ఆ నకలు తీసి పెట్టుకున్నది కరణాల వారసులు, పాత సర్వేయర్లు, కొన్ని కాలేజీల భూగోళ శాఖలు. వాళ్ల సంచుల్లో ఇప్పటికీ గుడ్డకి అంటించిన గ్రామ పటాలు కనిపిస్తుంటాయి.

రెండు వంశాలనీ కలిపే పెళ్లి 2020లో తలపెట్టారు. ఆ ఏడు డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు పైనుంచి ఫొటోలు తీశాయి. నేల మీద రోవర్లు పట్టుకుని సర్వేయర్లు తిరిగారు. రోవర్ ఉపగ్రహాల మాట వింటుంది. ఆ మాటలో ఉన్న తప్పును ఎప్పటికప్పుడు దిద్ది చెప్పడానికి రాష్ట్రంలో అక్కడక్కడా కార్స్ అనే స్థిర కేంద్రాలు పెట్టారు. అవి రాత్రింబవళ్లు కదలకుండా కూర్చుని వినే యంత్రాలు. లాంబ్టన్ గీత కొసల్లాంటివే, కాకపోతే కరెంటు తింటాయి. పొలం మూల రాయికి మొదటిసారి భూగోళం మీద ఒక చిరునామా వచ్చింది. కొత్త రాళ్ల మీద పథకం పేరు చెక్కారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పేరూ, విస్తీర్ణాల్లో తేడాలొచ్చాయన్న ఫిర్యాదులూ పెద్ద చర్చకొచ్చాయి. పాత రాతి మీద ఉన్నది వలయం, చుక్క మాత్రమే కాబట్టి దాన్ని చెరిపేయాలని ఎవరికీ తోచలేదు.

కొత్త యంత్రానికీ తన చిక్కులున్నాయి. దిద్దుబాటు మాట కార్స్ నుంచి రోవర్‌కి వచ్చేది మొబైల్ ఇంటర్నెట్ మీదే. సిగ్నల్ లేని తోటలో రోవర్ తనకు తోచిన అంకె చెబుతుంది. అందులో మీటర్ల తప్పు ఉండొచ్చు. అప్పుడు సర్వేయరు ఇంకో యంత్రాన్ని తెలిసిన రాయి మీద పెట్టి, రోవర్‌తో పాటు దానికీ వినిపించి, తర్వాత ఆఫీసులో లెక్క దిద్దుకోవాలి. ఆ తెలిసిన రాయి ఎక్కడుంది? మళ్లీ మొదటికే వస్తాం.

అంకెలకి కులగోత్రాలు కూడా చూడాలి. పాత పుస్తకంలో దొరికిన అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఫోన్ జీపీఎస్‌లో కొట్టి నడిస్తే రాతికి వందల మీటర్ల దూరంలో తేలతాం. ఎందుకంటే పాత లెక్క 1830లో ఎవరెస్టు ఊహించిన భూగోళం ఆకారం మీద కట్టింది, ఫోన్ లెక్క ప్రపంచమంతటికీ కలిపి కట్టిన వేరే ఆకారం మీద నడుస్తుంది. ఎత్తుల్లో ఇంకా వింత. బారువ బీచ్‌లో నీళ్లంచున నిలబడి జీపీఎస్ చెప్పే ముడి ఎత్తు చూస్తే అది సున్నాకి అరవై మీటర్లకు పైగా కింద చూపిస్తుంది, మనం సముద్ర గర్భంలో ఉన్నట్టు. యంత్రం అబద్ధమాడటం లేదు. హిందూ మహాసముద్రంలో, శ్రీలంకకు దక్షిణాన భూమి ఆకర్షణ బలహీనంగా ఉండి నీటి మట్టం లెక్కలోని గోళం కన్నా నూరు మీటర్లకు పైగా కుంగి ఉంటుంది. ఆ పల్లం అంచులు మన తీరం దాకా వస్తాయి. నీళ్లు పారేది మాత్రం లెక్కలోని గోళాన్ని బట్టి కాదు, సముద్ర మట్టాన్ని బట్టి. వంశధార నీటిని హిరమండలం నుంచి ఉద్దానం ఊళ్లకి మంచినీళ్లుగా తెచ్చిన 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరులో మొదలైంది. అలాంటి గొట్టం వెయ్యాలంటే ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది రేవు సగటు నుంచి వచ్చిన మట్టంతోనే తేల్చాలి. కిడ్నీ జబ్బుతో కుంగిపోయిన ఆ ఉద్దానం ఊళ్లకి నీళ్లు రావడం వెనక కూడా ఒక బెంచ్‌మార్కు ఉంటుంది.

ఉద్దానంలో తిత్లీ తర్వాత నాటిన జీడి మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. వాటి కింద ఇసుక ఎర్రగా, ఎండుటాకులతో కప్పుకుని ఉంటుంది. సర్వే పనికొచ్చినవాళ్ల దగ్గర రోవర్ ఉంటుంది, దానికి జోడుగా ఫోను, సంచిలో మడతలు పడిన ఎఫ్‌ఎంబీ నకలు, ఒక టేపు, ఒక గునపం. ఫోన్‌లో చుక్క గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ‘ఇక్కడే ఉండాలి బాబూ, ఆ పడిపోయిన పనస మోడుకి ఇటుపక్కన’ అంటాడు తోడొచ్చిన ముసలాయన. టేపు పట్టి 45 లింకుల్ని మీటర్లలోకి మార్చుకుని, ఒకడు గునపంతో ఇసుకలో పొడుస్తాడు. రెండుసార్లు మెత్తగా దిగుతుంది. మూడోసారి ఠంగుమంటుంది.